పసిపిల్లలకు గొంతులో అడ్డంపడే ప్రమాదం – నివారణ, తక్షణ కర్తవ్యం

ఆయుర్వేదానికి గల ఎనిమిది అంగాలలో కౌమారభృత్యం ఒకటి. శిశువు జన్మించినది మొదలు బాల్యం గడిచేవరకు చేయవలసిన సంరక్షణ అంతా దీని పరిధిలోనిదే. చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో పిల్లల ఆటవస్తువులు ఎట్లా ఉండవలెనో తెలిపే చోటు ఒకటి ఉన్నది. బొమ్మలు రంగురంగులుగా, చప్పుడు చేసేవిగా, చూడముచ్చటగా, తేలికగా ఉండాలనీ, మొనదేలినవి, బిడ్డను జడిపించేవి కారాదనీ చెబుతూ, ‘అనాస్యప్రవేశి’ అనే లక్షణాన్ని కూడా అక్కడ చేర్చారు. ఆస్యం అంటే నోరు. నోటిలోకి దూరనిది అని దాని అర్థం. ఆ వెంటనే వచ్చే విశేషణం ‘ప్రాణం తీయనిది’ అని. ఈ రెండు మాటలు పక్కపక్కనే ఉండటం కాకతాళీయం కాదని మా అభిప్రాయం.

మన ఇళ్ళలో పెద్దవారికి గాని, పిల్లలకు గాని పొలమారితే “ఎవరో తలచుకుంటున్నారు” అని నవ్వుతూ నడినెత్తిన తట్టడం ఆనవాయితీ. చాలాసార్లు అది నవ్వుకోదగిన విషయమే. నీటి చుక్కో, అన్నం మెతుకో దారి తప్పితే దగ్గు వచ్చి దానిని బయటకు నెట్టివేస్తుంది. అయితే ఆ దగ్గు రాని సందర్భం ఒకటి ఉన్నది. అప్పుడు బిడ్డ ఏడవదు, అరవదు, పక్క గదిలో ఉన్న తల్లికి ఏ చప్పుడూ వినిపించదు. గొంతులో నిజంగా అడ్డంపడినప్పుడు కలిగేది అలజడి కాదు, నిశ్శబ్దం. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

ఎందుకు అడ్డంపడుతుంది?

గొంతు వెనుక భాగాన రెండు మార్గాలు ఉన్నవి. ఆహారం కడుపులోకి పోయే అన్నవహ మార్గం వెనుక, శ్వాస ఊపిరితిత్తులకు చేరే ప్రాణవహ మార్గం ముందు. మ్రింగే క్షణంలో శ్వాసమార్గంపై కొండనాలుక క్రిందనున్న మూత వంటి భాగం వాలి, ఊపిరి ఒక్క లిప్త ఆగి, ముద్ద వెనుక దారిన పోతుంది. పెద్దవారిలో ఈ పని అలవోకగా జరుగుతుంది. చిన్నపిల్లలలో ఈ సమన్వయం ఇంకా కుదురుకోదు. నవ్వుతున్నా, ఏడుస్తున్నా, పరుగెత్తుతున్నా నోటిలో ఉన్నది గాలితోపాటు ముందు దారిలోకి జారుతుంది.

దానికితోడు ఆ దారి బహు ఇరుకు. పెద్దవారి శ్వాసనాళం వ్యాసం 15 నుండి 20 మిల్లీమీటర్లు ఉంటే, నెలల బిడ్డకు అది రమారమి 5 మిల్లీమీటర్లు. బిడ్డ చిటికెన వేలు లావు అనుకుంటే సరిపోతుంది. ఒక వేరుశనగ పలుకు దానిని పూర్తిగా మూసివేయగలదు.

మూడవ కారణాన్ని తల్లులు సామాన్యంగా గమనించరు. పిల్లలకు ముందుగా వచ్చేవి కొరికే ముందుపళ్ళు. నమిలే దవడపళ్ళ మొదటి జత ఏడాది దాటిన తరువాతనే వస్తుంది, రెండవ జత రెండు, రెండున్నర ఏళ్ళకు గాని పూర్తి కాదు. అంటే ఏడాది బిడ్డ జామకాయను, కొబ్బరి చెక్కను కొరికి ముక్క తీయగలదు గాని, ఆ ముక్కను నలగగొట్టలేదు. “పళ్ళు వచ్చాయి కదా, అన్నీ తింటుంది” అనుకోవడం ఇందుచేతనే ప్రమాదకరం. పళ్ళు వచ్చిన తరువాతి రెండు మూడు సంవత్సరాలే ఎక్కువ జాగ్రత్త కోరే కాలం.

ఉగ్గు పోయడం

ఇంటివైద్యాన్ని ఆదరించే పత్రికగా ఈ విషయం మేమే ముందు చెప్పవలసి ఉన్నది. కాళ్ళు చాపి కూర్చొని, వాటి నడుమ బిడ్డను వెల్లకిల పడుకోబెట్టి, బుగ్గలు నొక్కి, ఒక్కొక్కసారి ముక్కు కూడా పట్టి, ఉగ్గుగిన్నెతో ఆముదం కలిపిన పాలు గొంతులో పోసే పద్ధతి ఎన్నో తరాలుగా మన ప్రాంతంలో ఉన్నది. ముక్కు మూస్తే బిడ్డ నోటితోనే గాలి పీల్చాలి. అదే నోటిలో ఆముదం ఉన్నది. అది ఏ దారిన పోతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

నూనెలకు ఇంకొక దుర్గుణం ఉన్నది. నీరు గాని, పాలు గాని శ్వాసనాళాన్ని తాకగానే దగ్గు వస్తుంది. ఆముదం, కొబ్బరినూనె, నెయ్యి వంటివి జిడ్డుగా, మెత్తగా జారుతాయి గనుక ఆ దగ్గును రేపకుండానే ఊపిరితిత్తులలోకి దిగగలవు. అక్కడ చేరిన నూనె తేలికగా బయటకు రాదు. దానివల్ల వచ్చే న్యుమోనియాను నూనె న్యుమోనియా అనే వైద్యులు ప్రత్యేకంగా గుర్తించారు. బిడ్డ ఆయాసపడుతుంటే జలుబు చేసిందని తలచి మరునాడు మరికొంత ఆముదం పోసే ఇళ్ళూ లేకపోలేదు.

స్నానం చేయించి ముక్కులో నూనె వేయడం, ముక్కులోకి ఊదడం కూడా ఇటువంటివే. నస్యకర్మను ఏడేండ్ల లోపువారికి చేయరాదని అష్టాంగహృదయం సూత్రస్థానంలో వాగ్భటుడు నిషేధించాడు. ప్రతిమర్శమనే అత్యల్పమాత్ర నస్యాన్ని మాత్రం అన్ని వయసులకూ అంగీకరించాడు. నెలల పిల్లల ముక్కులలో చెంచాతో నూనె పోయడానికి ఆ వాక్యాన్ని ఆధారంగా చూపడం సరికాదు. శిశువుకు ఆ రెండు చుక్కలు కూడా అనవసరమని మా భావన. శరీరానికి నూనె మర్దన చేయండి, అది హితకరమే. ముక్కుకు, గొంతుకు వద్దు.

ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేదీ అవసరం లేదు. పాలిచ్చేటప్పుడు బిడ్డ తల శరీరంకన్న కాస్త ఎత్తులో ఉండవలెను. తల్లి నిద్రమత్తులో పడుకొని పాలివ్వడం, సీసాను దిండుకు ఆనించి బిడ్డ నోటికి పెట్టి వెళ్ళడం మానవలెను. పాలు త్రాగిన తరువాత భుజాన వేసుకొని త్రేన్పు వచ్చేవరకు వీపు నిమిరి, ఆపైన వెల్లకిలగానే పడుకోబెట్టాలి. బోర్లా పడుకోబెడితే పాలు కక్కినా గొంతులో అడ్డంపడవని కొందరి నమ్మకం. అది తప్పు. వెల్లకిల పడుకోబెట్టడమే క్షేమకరమని నేటి శిశువైద్యులందరూ చెబుతున్నారు.

మందులు ఇచ్చేటప్పుడు కూడా ఇదే విచక్షణ అవసరం. పొడి చూర్ణాన్ని నేరుగా పిల్లల నోటిలో వేయరాదు. ఊపిరితోపాటు అది లోపలికి పోతుంది. మాత్రలను మెత్తగా నూరి ద్రవంలో కలిపి, బిడ్డను కూర్చోబెట్టి కొద్దికొద్దిగా బుగ్గ పక్కన పోయవలెను. అనుపానంగా తేనె అని వ్రాసి ఉన్నా ఏడాది లోపు శిశువుకు తేనె ఇవ్వరాదు. అందులో ఉండే అవకాశమున్న ఒక సూక్ష్మజీవి ఆ వయసు ప్రేగులలో విషాన్ని పుట్టించగలదు. అంగన్‌వాడీలలో నులిపురుగులకు ఇచ్చే మాత్రను ఏడాది నుండి రెండేళ్ళ పిల్లలకు సగమే, అదీ పొడిచేసి నీటిలో కలిపి ఇవ్వాలన్న నియమం ఈ భయంతో పెట్టినదే.

ఆహారంలో జాగ్రత్తలు

మన దేశపు ఆసుపత్రులలో పిల్లల శ్వాసనాళాల నుండి తీసే వస్తువులలో వేరుశనగ పలుకుదే మొదటి స్థానం. గట్టిది, నునుపైనది, పైగా నూనె గలది. తడికి ఉబ్బుతుంది. జీడిపప్పు, బాదం, పుట్నాలు, వేయించిన బఠాణీలు, శనగలు ఈ కోవలోనివే. నాలుగు, ఐదు సంవత్సరాలు నిండేవరకు వీటిని పలుకులుగా ఇవ్వరాదు. బలవర్ధకమైనవి కనుక మానవలసిన పనిలేదు. పొడిచేసి జావలో కలపవచ్చు, నూరి ముద్దచేసి అన్నంలో పెట్టవచ్చు.

పండుగ రోజులలో ప్రమాదం ఇంటికే నడిచి వస్తుంది. శ్రావణమాసంలో వాయనంగా వచ్చే నానిన శనగలు ప్రతి ఇంటా పళ్ళేలలో, మూటలలో, నేలమీద ఉంటాయి. ప్రాకే బిడ్డకు అవి అందుతాయి. ఇక సంక్రాంతికి భోగిపళ్ళు. ఐదేళ్ళలోపు పిల్లలను కూర్చోబెట్టి రేగుపళ్ళు, చెరకు ముక్కలు, చిల్లర నాణేలు, పూలరేకులు, కొన్ని ఇళ్ళలో నానిన శనగలు కూడా కలిపి తలమీద పోస్తారు. చుట్టూ పేరంటాళ్ళు, పాటలు, ఫొటోలు. బిడ్డ ఏడుస్తూ నోరు తెరచి ఉంటుంది, ఒడి నిండా నోటిలో పట్టే వస్తువులు. వేడుక మానుకోమని మేము చెప్పము. ఏడాది, రెండేళ్ళ బిడ్డకు పూలరేకులతోనే జరిపించి, రేగుపళ్ళను, నాణేలను పళ్ళెంలో ప్రక్కన ఉంచితే దిష్టి తగలకపోదని ఎవరూ అనరు. పోసినవాటిని పేరంటం ముగిసేలోపే ఊడ్చివేయాలి. అన్నప్రాశననాడు బిడ్డ ముందుంచే పళ్ళెంలో కూడా నాణెం, ఉంగరం బదులు కాస్త పెద్ద వస్తువులు పెట్టుకోవచ్చు.

ద్రాక్షపండు గుండ్రంగా, జారుడుగా ఉండి గొంతుకు బిరడావలె పట్టుకుంటుంది. దానిని నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వవలెను. అడ్డంగా కోసిన ముక్క కూడా గుండ్రంగానే ఉంటుంది కనుక లాభం లేదు. తాటిముంజల విషయం ఇంతే. మెత్తనివే కదా అని ముంజను అలాగే పిల్లల నోటికి అందిస్తారు. చిదిమి చెంచాతో పెట్టడం మంచిది. సీతాఫలం, నేరేడు, రేగు, సపోటా గింజలు తీసిన తరువాతనే ఇవ్వాలి. ఆడుకొనే చింతపిక్కలు, గురివింద గింజలు పసిపిల్లలున్న ఇంట నేలమీద ఉండరాదు. గురివింద విషపదార్థం కూడా. పచ్చి క్యారెట్, పచ్చికొబ్బరి ముక్క, చెరకు, గట్టి పిప్పరమెంట్లు, జెల్లీ మిఠాయిలు చిన్నపిల్లలకు తగవు. మరమరాలు మెత్తబడతాయి కదా అంటారు గాని గుప్పెడు కుక్కుకొనే బిడ్డకు అవీ ఇబ్బందే.

తినిపించే తీరు కూడా ముఖ్యమైనదే. చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టడం అందమైన అలవాటే. అయితే తల పూర్తిగా వెనక్కు వాల్చి ఆకాశం చూసే బిడ్డకు మ్రింగడం కష్టం, శ్వాసమార్గం తెరుచుకొని ఉంటుంది. చందమామను చూడనిచ్చి, తల దించిన తరువాత ముద్ద పెట్టాలి. ఈనాడు చందమామ స్థానంలోకి సెల్‌ఫోన్ వచ్చింది. బొమ్మలు చూస్తూ నోటిలో ముద్ద ఉన్నదన్న స్పృహే లేని పిల్లలు, ఒక్కసారిగా నవ్వితే ఆ ముద్ద ఎక్కడకు పోతుందో ఊహించండి. ఏడుస్తున్న నోటిలో ముద్ద కుక్కడం, వెంటపడి పరుగెత్తే పిల్లవానికి తినిపించడం, కారులో వెనుక సీటులో వదిలి చిరుతిండి చేతికివ్వడం తగదు. కూర్చొని, కబుర్లు ఆపి, పెద్దవారొకరు ఎదుట ఉండగా తినవలెను. అన్నకు చిట్టి చెల్లిపై ఎంత ప్రేమ ఉన్నా ఆమెకు తన పల్లీలు పంచరాదని నేర్పండి. ఇది చాలా ఇళ్ళలో జరిగేదే.

పూసలు, బొమ్మలు, బుడగలు

దిష్టికి కట్టే నల్లపూసలు, వసకొమ్ము ముక్కలు గుచ్చిన దారం, పట్టీల మువ్వలు, మొలత్రాడుకు కట్టిన బిళ్ళలు బిడ్డ ఒంటిమీదే ఉంటాయి. దారం పాతబడితే ఏ రాత్రో తెగుతుంది. పాకే వయసు వచ్చాక చేతికి పూసల దారం ఉంచకపోవడం మేలు. దిష్టి తీయదలచిన పెద్దవారు బుగ్గన కాటుక చుక్క పెట్టవచ్చు.

బొమ్మ కొనేటప్పుడు చరకుని మాట గుర్తుంచుకోండి. మూడేళ్ళలోపు పిల్లల ఆటవస్తువులను పరీక్షించే కొలతపాత్ర మూతి సుమారు 32 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా ఆ వయసుకు తగదు. ఇంట్లో బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిపి చేసే చిన్న వలయంలో దూరే వస్తువును అనుమానించవచ్చు. కళ్ళు ఊడే బొమ్మలు, చక్రాలు విడే కార్లు, పెన్ను మూతలు, పీకలు దాచివేయాలి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. అయినా సంతలో, తిరునాళ్ళలో కొనేవాటిని మన కళ్ళతోనే పరీక్షించుకోవాలి. పుట్టినరోజునాడు పగిలిన బుడగల ముక్కలు మహాప్రమాదకరం. పలుచని ఆ రబ్బరు శ్వాసమార్గంపై పొరవలె అతుక్కొని, ఎంత తట్టినా రాదు.

అడ్డంపడినప్పుడు ఏమి చేయాలి?

బిడ్డ గట్టిగా దగ్గుతున్నా, ఏడుస్తున్నా గాలి ఆడుతున్నట్లే. వీపు తట్టవద్దు, నీరు పోయవద్దు. దగ్గనివ్వండి. దగ్గుకు మించిన మందు ఆ క్షణంలో లేదు.

దగ్గు బలహీనమై, గొంతు పలకక, పెదవులు నీలిబడుతుంటే ఆసుపత్రికి పరుగెత్తే వ్యవధి కూడా ఉండదు. నాలుగైదు నిమిషాలు ప్రాణవాయువు అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఒకరు 108కి ఫోను చేయాలి, రెండవవారు ఆ క్షణమే పని ప్రారంభించాలి.

ఏడాదిలోపు శిశువును మీ ముంజేతిపై బోర్లా పడుకోబెట్టి, ఆ చేతిని తొడకు ఆనించి, తల ఎదకన్న క్రిందికి ఉండేట్లు, దవడను వ్రేళ్ళతో పట్టుకోండి. గొంతును నొక్కరాదు. రెండవ అరచేతి మడమ భాగంతో రెండు రెక్కల ఎముకల నడుమ 5 సార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెల్లకిల త్రిప్పి, తల అట్లే దిగువగా ఉంచి, రొమ్ము నడి ఎముక క్రింది సగంపై అరచేతి మడమతో 5 సార్లు నొక్కండి. పూర్వం ఇక్కడ రెండు వ్రేళ్ళతో నొక్కమని నేర్పేవారు. 2025 లో వెలువడిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచనలు అరచేతి మడమనే వాడమంటున్నవి. వస్తువు బయటపడేవరకు ఈ రెండింటినీ మార్చి మార్చి చేయాలి. శిశువు పొట్టను మాత్రం నొక్కరాదు, కాలేయం చితికే భయం ఉన్నది.

ఏడాది దాటిన పిల్లలను ముందుకు వంచి వీపుపై 5 చరుపులు చరచిన తరువాత, వెనుక మోకాళ్ళపై నిలిచి, పిడికిలిని బొడ్డుకు పైన, ప్రక్కటెముకలకు క్రింద ఆనించి, రెండవ చేత పట్టి, లోపలికి, పైకి 5 సార్లు గట్టిగా అదమవలెను. 1974 లో అమెరికా వైద్యుడు హెన్రీ హైమ్లిక్ ప్రకటించిన పద్ధతి ఇది. ఇట్లా పొట్ట నొక్కిన బిడ్డను, వస్తువు వచ్చిపడినా సరే, వైద్యునికి చూపవలసిందే.

స్పృహ తప్పితే గట్టి నేలపై పడుకోబెట్టి, రొమ్ము నడుమ 30 సార్లు నొక్కి, 2 సార్లు నోటితో ఊపిరి ఊదుతూ, ప్రతిసారి నోరు తెరచి చూడాలి. కనిపించే వస్తువునే తీయాలి. కనిపించనిదాని కోసం వ్రేలు పెట్టి కెలికితే అది మరింత లోపలికి పోతుంది. కాళ్ళు పట్టి తలక్రిందులుగా వ్రేలాడదీసి ఊపడం కూడా చేయరాదు. ఈ మెళకువలను ప్రథమచికిత్స శిక్షణలో బొమ్మపై ఒకసారి చేసి నేర్చుకుంటే చేతులు వణకవు.

సుశ్రుతసంహిత సూత్రస్థానం 27వ అధ్యాయంలో, గొంతులో ముద్ద చిక్కుకున్నవానిని అతడు ఎరుగకుండా భుజంపై పిడికిలితో కొట్టమనీ, లేదా నెయ్యి, నూనెల వంటి స్నేహద్రవ్యాన్నో, మద్యాన్నో, నీటినో త్రాగించమనీ ఉన్నది. చరుపుతో శల్యాన్ని కదిలించవచ్చునని అంత ప్రాచీనకాలంలోనే గ్రహించారు. అయితే త్రాగించమన్నది అన్నమార్గంలో నిలిచిన ముద్దకే సరిపోతుంది. ఊపిరి ఆడని బిడ్డకు నెయ్యి, తేనె, అన్నం ముద్ద, అరటిపండు ఏది పెట్టినా ఉన్న కాస్త సందు పూడుతుంది. ఈ భేదం తెలియక ఆ వాక్యాన్ని వంటింటి చిట్కాగా పాటించరాదు.

గుండీ ఆకారపు బ్యాటరీ మ్రింగితే మాత్రం సంగతి వేరు. అది అన్నవాహికలో నిలిస్తే రెండు గంటలలోనే అక్కడ కాల్చివేయగలదు. బిడ్డ ఏడాది దాటి, చక్కగా మ్రింగగలుగుతూ, బ్యాటరీ మ్రింగి 12 గంటలు మించకపోతే, ఆసుపత్రికి పోయే దారిలో 10 నిమిషాలకొకసారి రెండు చిన్న చెంచాల తేనె ఇవ్వవచ్చునని నేటి విషవైద్య నిపుణులు అంటున్నారు. 6 సార్లకు మించరాదు. తేనె వెదకడం కోసం ప్రయాణం ఆపరాదు. వాంతి చేయించరాదు.

దాగిన శల్యం

పల్లీ పలుకు శ్వాసనాళం దాటి లోపలి కొమ్మలలోకి, ఎక్కువగా వెడల్పుగా, నిటారుగా ఉండే కుడి కొమ్మలోకి, జారిపోయిందనుకొందాం. మొదట ఉక్కిరిబిక్కిరి, విపరీతమైన దగ్గు. కొన్ని నిమిషాలకు అన్నీ సద్దుమణుగుతాయి. బిడ్డ ఆడుకుంటుంది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. నాలుగు రోజులకు దగ్గు, పిల్లికూతలు, జ్వరం. తులసిరసం, అల్లం, అతిమధురం, కరక్కాయ, ఆ తరువాత దగ్గు సిరప్, ఆపైన న్యుమోనియాకు సూదులు. తగ్గినట్లే తగ్గి మళ్ళీ వస్తుంది. ఈ లోపల పలుకు ఉబ్బి, నూనె వదలి, చుట్టూ వాపు తెచ్చి, ఊపిరితిత్తిలో ఆ భాగాన్ని పాడుచేస్తుంది.

తులసి మంచిదే, అతిమధురం మంచిదే. కఫానికి ఇచ్చే మందు శల్యానికి పనిచేయదు. తింటూండగా, ఆడుతూండగా ఉన్నట్టుండి మొదలైన దగ్గుకు ఇంటివైద్యం లేదు. బిడ్డ ఇప్పుడు బాగానే ఉన్నా అదే రోజున పిల్లల వైద్యునికి చూపాలి. ఎక్స్‌రేలో పల్లీ, శనగ, ప్లాస్టిక్ కనిపించవు. ఎక్స్‌రే బాగున్నదని చెప్పినంతమాత్రాన నిశ్చింతగా ఉండరాదు. అనుమానం బలంగా ఉంటే బ్రాంకోస్కోపీ అనే గొట్టం పరికరంతో, మత్తు ఇచ్చి, లోపల చూసి తీస్తారు. 1897 లో జర్మనీ వైద్యుడు గుస్తావ్ కిలియన్ ఒక రైతు శ్వాసనాళం నుండి ఎముక ముక్కను ఈ విధంగా తీసిన నాటినుండి ఇది అభివృద్ధి చెందుతూ వచ్చింది.

వైద్యునికి ముందుగా తెలుపవలసినది దగ్గు ఎన్నాళ్ళుగా ఉన్నదని కాదు, అది ఏ క్షణాన మొదలైందో. ఆ సమయాన బిడ్డ చేతిలో ఏమున్నది, ఏమి తింటున్నది, ఉక్కిరిబిక్కిరి అయినదా, రంగు మారినదా అన్నవి చెప్పండి. అడగకపోయినా చెప్పండి. అటువంటి పూస గాని, గింజ గాని మరొకటి ఇంట్లో ఉంటే కాగితంలో చుట్టి వెంట తీసుకువెళ్ళండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక దారిలో పాలు, ఆహారం పెట్టకండి.